బక్రీద్ కబాబులు అయిపోయాయి.. మరి సిగ్డీ సంగతి ఎవరు చూస్తారు?

ఖుర్బానీ మూడు రోజులు ముగిశాయి. హిస్సాలు పంచుడు అయింది, దావత్‌లు అయ్యాయి. ఆఖరి రాత్రి మేడ మీద సీఖ్ కబాబులు కాల్చుకుని, చిన్నా పెద్దా అందరూ తిని కిందికి దిగుతారు. దస్తర్‌ఖాన్ దులుపుతారు, ప్లేట్లు కడుగుతారు. సిగ్డీ మాత్రం మేడ మీదే ఉండిపోతుంది. కడుపులో బూడిద, జాలీ మీద మాడిన చర్బీ, పక్కన జిడ్డు పట్టిన సీఖులు. 'రేపు చూద్దాంలే' అంటారు. ఆ రేపు మళ్లీ ఏడాదికి వస్తుంది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో అయినా, పక్కనున్న శివునిపల్లిలో అయినా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో అయినా చాలా ఇళ్లలో ఇదే తంతు. మరుసటి ఏడు సిగ్డీని కిందికి దించితే అడుగు రేకు చేతికి ఊడి వస్తుంది. 'ఈ కాలం సామాన్లు ఇంతే' అని వెల్డింగ్ దుకాణానికి పోయి కొత్తది చేయించుకుంటారు.

నిజానికి తప్పు ఎక్కువసార్లు సామానుది కాదు, కబాబులు దించిన తర్వాతి ఒక్క రోజుది. ఆ ఒక్క రోజు అరగంట పని చేస్తే సిగ్డీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ అరగంట చేయకపోతే పోయేది సిగ్డీ ఒక్కటే కాదు. ఆరని నిప్పు వల్ల ఇల్లు కాలొచ్చు, మూసిన గదిలో పెడితే ప్రాణాలే పోవచ్చు. అందుకే సిగ్డీని ఎట్లా ఆర్పాలి, ఎట్లా శుభ్రం చేయాలి, ఎట్లా దాచాలి అన్నది వివరంగా తెలుసుకోవాలి.

పండుగ వెనకే వాన

మన పండుగలు చంద్రమానం ప్రకారం వస్తాయి కాబట్టి బక్రీద్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. మన దేశంలో 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న బక్రీద్ జరుపుకున్నాం. తెలంగాణకు నైరుతి రుతుపవనాలు వచ్చేది కూడా మామూలుగా జూన్‌లోనే. అంటే కొన్నేళ్లుగా పండుగ ఒకవైపు, తొలకరి వాన ఒకవైపు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఇకపై పండుగ ఇంకా ముందుకు, ఎండల్లోకి జరుగుతుంది. అప్పుడు వాన భయం కొంచెం తగ్గుతుంది కానీ, ఎండిన గడ్డి, వేడిగాలి మధ్య నిప్పురవ్వ భయం పెరుగుతుంది.

సిగ్డీని కొందరు అంగీఠీ అంటారు. పక్కింటి తెలుగువాళ్లు బొగ్గుల పొయ్యి అంటారు, కుంపటి అంటారు. పేరేదైనా దాని తీరు ఒక్కటే. ఇనుప రేకుతో చేసిన పొడవాటి తొట్టి, గాలి పోవడానికి కింద, పక్కల చిల్లులు, నాలుగు కాళ్లు, పైన జాలీ లేదా సీఖులు ఆనించే అంచు. ఇనుము కాబట్టి దానికి ఇద్దరు శత్రువులు. ఒకటి తడి, రెండోది ఆ తడిని పట్టి ఉంచే బూడిద. వాన పడే ముందు ఈ రెండింటినీ సిగ్డీ నుంచి దూరం చేయాలి. శుభ్రం చేయడమంటే ముఖ్యంగా ఇదే.

ముందు నిప్పు ఆరాలి

శుభ్రం చేసే పని నిప్పు ఆరిన తర్వాతే మొదలవుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పైన తెల్లటి బూడిద కనబడితే నిప్పు ఆరిందనుకుంటారు. బూడిద దుప్పటి లాంటిది. దాని కింద బొగ్గు నిదానంగా రాజుకుంటూనే ఉంటుంది. బూడిద కప్పిన నిప్పు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజుల దాకా వేడిగా ఉండొచ్చు. చెయ్యి దగ్గర పెడితే సెగ తెలియకపోయినా, కదిపితే లోపల ఎర్రగా కనిపిస్తుంది.

ఆర్పడానికి మంచి పద్ధతి గాలి ఆపడం. మూత ఉన్న సిగ్డీ అయితే మూత పెట్టి, కింది చిల్లులు మూసేయాలి. గాలి అందని బొగ్గు దానంతట అదే చల్లారుతుంది, మిగిలిన బొగ్గులు మళ్లీ పనికొస్తాయి కూడా. మూత లేకపోతే బొగ్గులను పట్టకారుతో తీసి, మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బాలో వేసి మూసి, సిమెంటు నేల మీద, ఇంటికి దూరంగా పెట్టాలి. ప్లాస్టిక్ బకెట్‌లో, అట్ట డబ్బాలో, చెత్త సంచిలో వేయొద్దు.

ఎర్రగా ఉన్న సిగ్డీలో బకెట్ నీళ్లు గుమ్మరించడం చాలా ఇళ్లలో అలవాటు. అది రెండు రకాలుగా నష్టం. నీళ్లు పడగానే మండే ఆవిరి, వేడి బూడిద మీదికి ఎగిసి ముఖం, చేతులు కాలుతాయి. కాలిన రేకు మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే అది వంకర్లు పోతుంది, అతుకుల దగ్గర పగులుతుంది. తప్పనిసరిగా వెంటనే ఆర్పాల్సి వస్తే, బొగ్గులను ఒక్కొక్కటిగా పట్టకారుతో తీసి నీళ్ల బకెట్‌లో వేయాలి. ఇనుప బకెట్ అయితేనే మంచిది.

ఇసుకలో, మట్టిలో పూడ్చేస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. ఇసుక వేడిని పట్టి ఉంచుతుంది. పైకి ఏమీ కనబడదు. పొద్దున్నే చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల కాళ్లు ముందు అక్కడే పడతాయి. పూడ్చినా సరే, ముందు నీళ్లతో పూర్తిగా చల్లార్చి తర్వాతే పూడ్చాలి.

ఇక పొలం ఉన్న ఇళ్లకు ఒక మాట. వేడి బూడిదను పెంటకుప్ప మీద, గడ్డివాము దగ్గర, పత్తికట్టె పక్కన పారబోయొద్దు. రాత్రి గాలి లేస్తే ఒక్క రవ్వ చాలు.

రాత్రి పడుకునే ముందు ఇంట్లో నిప్పు ఆర్పేయమని హదీసుల్లో ఉన్న ఆదేశం మనందరికీ తెలిసిందే. దీపం విషయంలో ఎంత నిజమో, మేడ మీది సిగ్డీ విషయంలోనూ అంతే నిజం.

వాన వచ్చిందని గదిలోకి తేవద్దు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇది గుర్తుపెట్టుకోవాలి: రాజుకున్న సిగ్డీని గదిలోకి తేవద్దు. కబాబులు కాలుస్తుంటే చినుకులు పడ్డాయని లోపలికి జరపడం, చలికాలంలో మిగిలిన నిప్పును మంచం పక్కన పెట్టుకోవడం, రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడదు కాబట్టి నిప్పు నెమ్మదించింది, భయం లేదనుకుంటారు. మూసిన గదిలో అది కొద్దికొద్దిగా నిండుతుంది. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. దాంతో మనిషి గాలి పీలుస్తున్నా శరీరానికి ఆక్సిజన్ అందదు. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, తర్వాత మగత. పడుకున్నవాళ్లకు ఈ గుర్తులేవీ తెలియవు. నిద్రలోనే స్పృహ పోతుంది.

ఉత్తరాదిలో దాదాపు ప్రతి చలికాలం అంగీఠీ పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్తలు వస్తాయి. 2024 జనవరిలో ఢిల్లీలో ఇట్లాగే ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పిల్లలు. మన దగ్గర అంత చలి ఉండదు కదా అనుకోవద్దు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో కిటికీలు మూసుకుని పడుకునే అలవాటు మనకూ ఉంది. కిటికీ కొంచెం తెరిచి ఉంచితే చాలు అనే లెక్క కూడా పనికిరాదు. ఎంత తెరిస్తే సరిపోతుందో ఎవరూ కొలిచి చెప్పలేరు.

కీమాకో, దాల్చాకో ధుంగార్ పెట్టడానికి ఒక చిన్న బొగ్గు ముక్క వంటింట్లోకి తెచ్చుకోవడం వేరు. కిటికీలు, తలుపులు తెరిచి పెట్టి, పని కాగానే ఆ ముక్కను నీళ్లలో వేసేయాలి.

ఎవరికైనా సిగ్డీ ఉన్న గదిలో తల తిరిగినా, స్పృహ తప్పినా ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. మనిషిని బయటి గాలిలోకి తేవాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నిప్పు అంటుకుంటే 101, లేదా దేనికైనా 112.

బూడిదను పొడిగానే తీయాలి

నిప్పు పూర్తిగా చల్లారాక మొదటి పని బూడిద తీయడం. ఇది పొడిగా ఉన్నప్పుడే జరగాలి. ముందు నీళ్లు పోసి కడుగుదామనుకుంటే బూడిద బురదై, చిల్లుల్లో, మూలల్లో సిమెంటులా పట్టుకుంటుంది.

కట్టెల బూడిదలో ఎక్కువగా కాల్షియం లవణాలు, కొంత పొటాషియం లవణాలు ఉంటాయి. రైతులు దుకాణంలో కొనే 'పొటాష్' పేరు కూడా బూడిద నుంచే పుట్టింది. ఇంగ్లిష్‌లో కుండకు పాట్, బూడిదకు యాష్. పాత కాలంలో కట్టె బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను కుండల్లో మరిగించి ఆ లవణాన్ని తీసేవాళ్లు. ఈ లవణాలు గాలిలోని తేమను లాగుతాయి. అందుకే సిగ్డీ అడుగున బూడిద వదిలేస్తే, వాన నేరుగా పడకపోయినా ముసురు రోజుల్లో అది చెమ్మగిల్లి ఆ చెమ్మను రేకుకు అంటించి ఉంచుతుంది. సిగ్డీ ఎప్పుడూ ముందు అడుగునే పోవడానికి కారణం ఇదే.

బూడిద తీసేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకుని, గాలి వాటం చూసి కూర్చోవాలి. చిన్న చీపురుతో అడుగు, మూలలు ఊడ్చి, గాలి చిల్లులను సన్నటి పుల్లతో పొడవాలి. చిల్లులు మూసుకుపోతే మరుసటిసారి నిప్పు సరిగ్గా రాజుకోదు. అప్పుడు కిరోసిన్, పెట్రోలు చల్లే తొందర మొదలవుతుంది. మంట మీద అవి చల్లితే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు.

తీసిన బూడిదను పారేయాల్సిన పని లేదు. జల్లించి డబ్బాలో దాస్తే అంట్లు తోమడానికి పనికొస్తుంది. మొక్కల మొదట్లో గుప్పెడు చల్లొచ్చు, అంతకంటే ఎక్కువ వద్దు. యూరియా లాంటి ఎరువులతో కలిపి మాత్రం వేయొద్దు. బూడిదలోని క్షారం వల్ల అందులోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ కవర్లు, రంగు వేసిన చెక్కలు కాల్చిన బూడిదైతే అంట్లకూ వద్దు, మొక్కలకూ వద్దు.

జాలీ మీది నలుపు

జాలీ మీద పేరుకునే నల్లటి పెచ్చు రంగు కాదు, మసాలా కాదు. అది మాడి గట్టిపడిన చర్బీ. అది వదిలేస్తే మూడు నష్టాలు. కొత్త కబాబుకు పాత మాడు వాసన అంటుతుంది. జిడ్డుకు చీమలు, బొద్దింకలు, ఎలుకలు వస్తాయి. మళ్లీ నిప్పు పెట్టినప్పుడు ఆ పాత చర్బీ భగ్గున అంటుకుని కబాబు పైన నల్లగా, లోపల పచ్చిగా మిగులుతుంది.

జాలీని శుభ్రం చేయడానికి మంచి సమయం అది గోరువెచ్చగా ఉన్నప్పుడు. ఆఖరి కబాబు దించాక జాలీని అయిదు నిమిషాలు నిప్పు మీదే వదిలేస్తే అంటుకున్న ముక్కలు ఎండి పొడవుతాయి. తర్వాత సగానికి కోసిన ఉల్లిగడ్డను సీఖుకు గానీ పొడవాటి ఫోర్కుకు గానీ గుచ్చి, కోసిన వైపు జాలీ మీద రుద్దాలి. ఉల్లిలోని నీరు ఆవిరై మాడును మెత్తబరుస్తుంది. మిగిలింది అట్లకాడతో గీకితే వస్తుంది.

మరునాడు కడిగేటప్పుడు పాత పద్ధతే గొప్పగా పనిచేస్తుంది. బూడిదలో కొన్ని వేడినీళ్లు కలిపి ముద్ద చేసి, జాలీకి పట్టించి పావుగంట వదిలేయాలి. బూడిదలోని క్షారం చర్బీతో కలిసి కొంత సబ్బుగా మారుతుంది. నానమ్మలు, అమ్మమ్మలు బూడిదతో గిన్నెలు తోమితే జిడ్డు వదిలింది ఇందుకే. ఆ తర్వాత కొబ్బరి పీచుతో రుద్ది, శుభ్రంగా కడగాలి. చేతులకు గ్లవ్స్ వేసుకుంటే మంచిది, క్షారం చర్మాన్ని పొడిబారుస్తుంది. ఈ పద్ధతి ఇనుముకు, స్టీలుకు మాత్రమే. అల్యూమినియం జాలీకి, ట్రేకు బూడిద ముద్ద పెట్టొద్దు. క్షారం అల్యూమినియంను తినేస్తుంది. కడగడం అయ్యాక బూడిద నీటి చుక్క కూడా ఇనుము మీద మిగలకూడదు.

బాత్రూమ్ కడిగే యాసిడ్, టైల్స్ పౌడర్లు జాలీకి వాడొద్దు. తిండి తగిలే చోట అవి ఉండకూడదు.

తీగల బ్రష్‌తో జాగ్రత్త

దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో జాలీ శుభ్రం చేయడానికి సన్నటి ఇనుప తీగల బ్రష్‌లు దొరుకుతున్నాయి. చకచకా పని అయిపోతుంది. కానీ కొన్నాళ్లకు ఆ తీగలు ఒక్కొక్కటిగా ఊడి జాలీకి అంటుకుంటాయి. వెంట్రుక లాంటి ఆ తీగ కబాబులో కలిస్తే కంటికి కనబడదు.

అమెరికాలో ఈ సమస్య ఎంతదాకా పోయిందంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో దీని మీద నివేదిక ఇచ్చింది. రోడ్ ఐలాండ్‌లోని ఒక్క ఆసుపత్రి వ్యవస్థలోనే 2011 మార్చి నుంచి 2012 జూన్ మధ్య 6 కేసులు నమోదయ్యాయి. కొందరికి గొంతులో గుచ్చుకుంది, కొందరికి పేగుకే చిల్లు పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 2002 నుంచి 2014 దాకా ఆ దేశంలో ఇట్లాంటి గాయాలతో అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్లు సుమారు 1,700 మంది ఉంటారని యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి పరిశోధకులు అంచనా వేశారు.

గిన్నెలు తోమే స్టీలు పీచు కూడా ఇట్లాగే తెగి ముక్కలు అంటుకుంటాయి. కొబ్బరి పీచు, ఉల్లిగడ్డ, అట్లకాడ, ఉండలా చుట్టిన అల్యూమినియం రేకు కాగితం ఉండగా తీగల బ్రష్ అవసరం లేదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని తిండి తగలని బయటి వైపు తుప్పు గీకడానికి ఉంచుకోవాలి. ఏది వాడినా వండే ముందు తడి గుడ్డతో జాలీని ఒకసారి తుడిచి, గుడ్డ మీద ఏమైనా మెరుస్తుందేమో చూడాలి. కబాబు తిన్నాక గొంతులో, కడుపులో గుచ్చినట్టు నొప్పి వస్తే డాక్టర్‌కు ఆ రోజు కబాబు తిన్న సంగతి తప్పకుండా చెప్పాలి.

సీఖులు, పత్థర్

సీఖులను సాయంత్రమే కడగడం మేలు. కీమా ఎండితే గట్టిగా పట్టుకుంటుంది. వేడినీళ్లలో సబ్బు వేసి అరగంట నానబెట్టి పీచుతో తుడవాలి. చెక్క పిడి ఉన్న సీఖులైతే పిడి నీళ్లలో మునగకుండా చూడాలి, లేకపోతే చెక్క ఉబ్బి, పగిలి, వదులవుతుంది. ఇనుప సీఖులను కడిగిన వెంటనే తుడిచి, కొంచెం నూనె రాసి, పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవర్‌లో చుడితే లోపలి చెమ్మకే తుప్పు పడుతుంది. మరో మాట, పచ్చి కీమా పెట్టిన పళ్లెంలోనే కాలిన కబాబులు దించొద్దు.

పత్థర్ కా గోష్ చేసే ఇళ్లలో గ్రానైట్ బండ ఉంటుంది. మన చుట్టుపక్కల గ్రానైట్‌కు కొదవ లేదు కాబట్టి దొరకడం కష్టం కాదు, కాపాడుకోవడమే కష్టం. బండను నిదానంగా వేడి చేయాలి, నిదానంగా చల్లారనివ్వాలి. వేడి బండ మీద నీళ్లు చల్లితే పైపొర ఒక్కసారిగా ముడుచుకుని పగులుతుంది, ఒక్కోసారి పెళ్ల ఎగిరి పడుతుంది. తడి బండను నేరుగా పెద్ద మంట మీద పెట్టినా అంతే, లోపలి నీరు ఆవిరై రాయిని చీలుస్తుంది. పూర్తిగా చల్లారాక అట్లకాడతో గీకి, వేడినీళ్లతో కడిగి, ఎండలో రెండు రోజులు ఆరబెట్టాలి. సబ్బు వద్దు, రాయి సబ్బు వాసనను పట్టుకుంటుంది. పాలిష్, రంగు, రసాయనాలు పట్టించిన బండను వంటకు వాడొద్దు.

తుప్పు పడితే

తడి, గాలి కలిసి ఇనుమును తినడమే తుప్పు. పైన సన్నగా ఎర్రటి పొడిలా ఉంటే దిగులు పడాల్సింది లేదు. గరుకు కాగితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది. మొండి మచ్చ మీద చింతపండు గుజ్జు గానీ, నిమ్మచెక్క, ఉప్పు గానీ పట్టించి అరగంట ఉంచి రుద్దితే వదులుతుంది. కానీ పులుపును, ఉప్పును రాత్రంతా వదిలేస్తే మళ్లీ అవే తుప్పుకు కారణమవుతాయి. వెంటనే కడిగి, తుడిచి, ఎండలో పెట్టాలి.

తర్వాత నూనె పట్టించాలి. వంట నూనె ఏదైనా సరే, గుడ్డతో సన్నగా రాసి, మళ్లీ పొడి గుడ్డతో తుడిచేయాలి. చూస్తే నూనె ఉందా లేదా అన్నట్టు ఉండాలి. ఆ తర్వాత కొన్ని బొగ్గులు వేసి అరగంట కాల్చాలి. నూనె కాలి, గట్టిపడి, నల్లటి పొరగా ఇనుముకు అంటుకుంటుంది. దోసె పెనం నల్లబడి నునుపెక్కేది ఈ పద్ధతిలోనే. నూనె ఎక్కువైతే పొర గట్టిపడక జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది.

సిగ్డీ లోపలి వైపు రంగు వేయొద్దు. బయట వేయాలంటే వేడికి తట్టుకునే రంగే వేయాలి. మామూలు ఎనామిల్ వేడికి కాలి, పెచ్చులూడి, విషపు పొగ ఇస్తుంది. రేకు పెళుసెక్కి వేలితో నొక్కితే చిల్లు పడేలా ఉంటే దాని పని అయిపోయినట్టే. నిప్పు కింద పడే సిగ్డీని అతుకులతో నడిపించొద్దు.

కొత్తది చేయించేటప్పుడు

వెల్డింగ్ దుకాణంలో చేయించేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది రేకు. మెరుస్తూ, తెల్లటి మచ్చలున్న జింకు పూత రేకు వద్దు. ఇంటి కప్పుల రేకుల్లో ఇది ఎక్కువ. జింకు సుమారు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. విసనకర్రతో విసిరిన బొగ్గు అంతకంటే చాలా వేడెక్కుతుంది. ఆ పూత కాలి వచ్చే పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. నల్లటి మామూలు ఇనుప రేకు, కొంచెం మందంగా ఉన్నది చాలు.

రెండోది పాత డ్రమ్ములు, డబ్బాలు. సగానికి కోసి సిగ్డీ చేస్తే చౌకే. కానీ అందులో ముందు ఏముందో తెలియాలి. పురుగుమందు, పెయింట్, కెమికల్ ఉన్న డబ్బా ఎంత కడిగినా వద్దు.

మూడోది బొగ్గు. భూపాలపల్లి వైపు బొగ్గు అంటే సింగరేణి బొగ్గే గుర్తొస్తుంది. అది భూమిలోంచి తీసే రాక్షసి బొగ్గు. కబాబులకు అది పనికిరాదు. దాని పొగలో గంధకం, తారు లాంటివి ఉంటాయి, జాలీకి పట్టే మసి కూడా తొందరగా వదలదు. కాల్చాల్సింది తుమ్మ లాంటి కట్టెలను కాల్చి చేసిన కట్టె బొగ్గు. బొగ్గు బస్తాను కూడా తడి తగలకుండా పెట్టాలి. తడిసిన బొగ్గు పటపటా చిట్లి రవ్వలు చిమ్ముతుంది.

గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు మడత గ్రిల్లులు, గ్యాస్ గ్రిల్లులు తెచ్చుకునే ఇళ్లూ ఉన్నాయి. గ్యాస్ గ్రిల్లుకు బూడిద బెడద లేదు, కానీ చాలా రోజులు మూలన పడి ఉంటే బర్నర్ గొట్టాల్లో సాలీళ్లు గూళ్లు పెడతాయి. గ్యాస్ దారి మూసుకుని మంట వెనక్కి తంతుంది. వాడే ముందు గొట్టం ఊది చూడాలి. రబ్బరు పైపు అతుకుల మీద సబ్బు నురగ రాయాలి. బుడగలు లేస్తే గ్యాస్ కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసే ప్రయోగం ఎప్పుడూ చేయొద్దు.

లెక్క చూస్తే

ఉదాహరణకు ఒక సిగ్డీకి 1,000 రూపాయలు అయిందనుకుందాం. రెండేళ్లకే అడుగు పోతే ఏడాదికి 500 పడ్డట్టు. అదే ఎనిమిదేళ్లు నిలిస్తే ఏడాదికి 125. మధ్యలో ఖర్చు ఏముంది? గుప్పెడు బూడిద, సగం ఉల్లిగడ్డ, చెంచా నూనె, ఒక గరుకు కాగితం, అరగంట సమయం.

ఈ పని ఏడాదికి మూడుసార్లు పెట్టుకుంటే చాలు. బక్రీద్ అయిన వారంలో, వానలు పట్టుకోకముందే బూడిద తీసి, కడిగి, నూనె రాయడం ఒకటి. వానాకాలం మధ్యలో ఎండ కాసిన రోజు బయటికి తీసి తుప్పు చూడటం రెండు. చలికాలం కబాబుల ముందు చిల్లులు, కాళ్లు, అతుకులు చూసుకోవడం మూడు. దాచేటప్పుడు నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద, బోర్లించి, మెట్ల కింద లేదా వసారాలో పెట్టాలి. పైన గోనెసంచి కప్పితే గాలి ఆడుతుంది. సంచి తడిస్తే వెంటనే తీసేయాలి.

పని కూడా ఒక్కరి మీదే పడొద్దు. పండుగ మూడు రోజులు వంటింట్లో నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. సిగ్డీ దగ్గర కూర్చుని సీఖులు తిప్పి 'కబాబులు నేనే చేసిన' అని చెప్పుకునేది మగవాళ్లు. మరి తిప్పినవాళ్లే మరునాడు బూడిద కూడా తీస్తే న్యాయంగా ఉంటుంది. పిల్లలకు నిప్పు దగ్గర పని చెప్పొద్దు గానీ, చల్లారిన సీఖులు తుడవడం, ఇటుకలు పెట్టడం వాళ్లూ చేయగలరు. అట్లా అలవాటైన పిల్లలు రేపు బూడిద కింద నిప్పు ఉంటుందన్న మాట మరిచిపోరు.

మేడ మీద ఇంకా సిగ్డీ అట్లాగే ఉంటే, ఈ సాయంత్రం ఒకసారి ఎక్కి చూడండి. ముందు పట్టకారుతో బూడిద కదపండి. ఎర్రగా ఏమీ కనబడకపోతే, చీపురు అందుకోండి.